పైన కట్టాలనుకున్న దేశం

నేను కాకినాడలో చిక్కుకుపోయిన నెలల్లో మా ఆయన ఇంకో దేశంలో చేరారు. ఈ మాట ఎవరితోనైనా అంటే వేళాకోళం అనుకుంటారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

2020 మార్చి మొదట్లో చెల్లి పురుడుకని మేముండే జర్మనీలోని బ్రెమెన్ నుంచి కాకినాడ వెళ్ళాను. మూడు వారాల్లో తిరిగి రావాలని అనుకున్నాను. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్కూలు మానిపించడం ఎందుకని వాళ్ళ నాన్న దగ్గరే వదిలాను. చెల్లికి కొడుకు పుట్టాడు. పాస్టరు గారు వచ్చి బిడ్డకి పేరు పెట్టే ప్రార్థన చెయ్యకముందే విమానాలన్నీ ఆగిపోయాయి.

మా అమ్మాయికి ఆరో ఏట షుగరు బయటపడింది. పెద్ద వయసులో వచ్చేది కాదు, పిల్లలకి వచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. తిన్న ప్రతిసారీ సూదితో ఇవ్వాలి. ఇవ్వకపోతే బతకదు. అంత సూటిగా ఆలోచించడం మేము ఎప్పుడో మానేశాం. మా ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టుకునే అరలో ఇన్సులిన్ పెన్నులుంటాయి. పాప జబ్బకి చిన్న సెన్సర్ అతికించి ఉంటుంది, షుగరు పడిపోతే ఫోన్ కూస్తుంది. కుక్కర్ కూతలాగా మా ఇంట్లో అదీ ఒక చప్పుడు. సూదులు, అన్నం కొలతలు అన్నీ నేనే చూసుకునేదాన్ని. అలాంటి పిల్లని ఆయన చేతిలో పెట్టి ఇంత దూరంలో కూర్చున్నాను. వీడియోలో మాట్లాడినప్పుడల్లా "అంతా బాగానే ఉంది, నువ్వు బెంగపెట్టుకోకు" అనేవారు. వెనక నుంచి పాప "అలెస్ గూట్, మమ్మా" అని అరిచేది. బాగానే ఉందంటే నమ్మాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. ఆయన కారు తీసుకుని అంత దూరం వచ్చారు. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, నాలుగు అద్దాలూ దించేసి నడిపారు. ఆటోబాన్ హైవే మీద ఆ గాలి హోరుకి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేకపోయాం. అద్దంలో ఆయన కళ్ళు చూస్తూ వచ్చాను. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తే మనిషి ఇంత మారిపోతాడా అనుకున్నాను.

ఇంటి తలుపు తీసేసరికి పాప నడవ చివర నిలబడి ఉంది. పొడుగు పెరిగింది. నేను సంచీ కింద పడేసి రెండు చేతులూ చాచాను. అది ఒక అడుగు వెనక్కి వేసింది.

"స్టాప్, మమ్మా. క్వారంటైన్ అయ్యాకే."

కోపంగా అనలేదు. రోడ్డు దాటేటప్పుడు చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. నా చేతులు అలాగే ఉండిపోయాయి. కన్న పిల్ల నన్ను చూసి వెనకడుగు వెయ్యడం అదే మొదటిసారి.

రెండు వారాలు పడకగది నాది. చిన్న టాయిలెట్ నాకు వదిలారు. బయటికి వచ్చేముందు లోపలినుంచి తలుపు తట్టాలి. వాళ్ళిద్దరూ హాల్లోకి వెళ్ళిపోయాక నేను రావాలి. భోజనం తలుపు ముందు స్టూలు మీద పెట్టేవారు.

మర్నాడు సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, హాల్లోంచి ఇంగ్లీషులో మాటలు వినిపించాయి. ఆఫీసు పని అనుకున్నాను. మా ఆయన అంతరిక్ష నౌకల్లో గాలి శుభ్రం చేసే పరికరాలు తయారుచేసే చోట ఇంజనీరు. మనుషులు వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకునేలా చెయ్యడం ఆయన పని. కానీ ఈ మాటలు వేరుగా ఉన్నాయి. "మన పౌరులు" అంటున్నారు. "మన దేశం" అంటున్నారు. ఇండియా గురించేమో అనుకున్నాను. ఇంతలో ఎవరో "మన దేశంలో బిడ్డ పుట్టగలదా లేదా ఇప్పటికీ మనకి తెలియదు" అన్నారు. చెల్లి కొడుకు గుర్తొచ్చి మంచం మీద లేచి కూర్చున్నాను.

పొద్దున్న కాఫీ పెట్టడానికి వచ్చినప్పుడు తలుపు ఇవతలినుంచే అడిగాను.

"ఏవండీ, నిన్న ఎవరితో మీటింగు?"

"చెప్తాను. నవ్వకూడదు మరి."

"చెప్పండి."

"భూమ్మీద ఏ దేశం కిందకీ రాని దేశం ఒకటి పైన కట్టొచ్చా అని చూస్తన్నాం. కక్ష్యలో. నిజంగా కుదురుతుందా కుదరదా అని లెక్క తేలుస్తన్నాం. గాలి, నీళ్ళు, తిండి చూసే కమిటీకి నన్ను పెద్దని చేశారు."

నేను నవ్వలేదు. ఇరవై ఏళ్ళలో మా ఆయన అపార్ట్‌మెంటు సంఘంలో కూడా చేరిన మనిషి కాదు.

"ఇదంతా ఎప్పుడు మొదలైంది?"

చెంచా చప్పుడు వినిపించింది.

"ఏప్రిల్లో. నీ గురించి ఫోన్లు చేసేవాణ్ణి కదా. ఇక్కడి ఆఫీసులో ఆయన, ఆవిడ మీ దేశస్తురాలు కదండీ, మీ వాళ్ళనే అడగండి అన్నాడు. మన ఎంబసీ వాళ్ళని అడిగితే, ఆవిడ సొంతూళ్ళోనే ఉంది కదా సార్, ఇంక ఇబ్బందేంటి అన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఫోన్ పెట్టేశాక, మరి నువ్వు ఎవరి మనిషివి అని ఒకటే ఆలోచన. ఆ వారమే ఇంటర్నెట్లో వీళ్ళు కనపడ్డారు."

అప్పుడు నాకు, ఇన్నాళ్ళూ చెప్పకుండా దాచారన్న కోపం పోయింది. నేను అక్కడ పెరట్లో మామిడికాయలు తరుక్కుంటూ కూర్చున్న నెలల్లో ఆయన ఇక్కడ ఏ స్థితిలో ఉన్నారో మొదటిసారి అర్థమైంది.

ఆ తర్వాత సాయంత్రాలు మీటింగు వినడం నాకు అలవాటైపోయింది. గదిలో చెయ్యడానికి ఇంకేమీ లేదు. పిచ్చివాళ్ళేమోనని భయపడ్డాను గానీ, వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నెమ్మదస్తులు. అధ్యక్షురాలు హాంబర్గ్‌లో ఉండే ఒక పెద్దావిడ, న్యాయశాస్త్రం బోధించి రిటైరయ్యారట. మా ఆయన ఆవిడని లాయరమ్మ గారనేవారు. ఆవిడ ఒకరోజు ఓపిగ్గా చెప్పారు. ఆకాశంలో ఏ ముక్కనీ ఏ దేశమూ తనదనడానికి అంతర్జాతీయ ఒప్పందం ఒప్పుకోదు. పోనీ నౌకనే దేశం అందామంటే, పైకి పంపిన ప్రతి వస్తువూ కింద దాన్ని నమోదు చేసిన దేశం అధికారం కిందే ఉంటుంది. అంటే ఒక దేశం ఒప్పుకుని వదిలిపెడితే తప్ప ఇంకో దేశం పుట్టదు. "ఏ దేశమూ అలా ఊరికే పుట్టలేదు కదా" అని ఆవిడ అన్నప్పుడు అందరూ నవ్వారు. నేనూ లోపల నవ్వాను.

మీటింగు మొదలయ్యేముందు పాప వెళ్ళి కెమెరా ముందు నిలబడి అందరికీ "గూటెన్ ఆబెండ్" చెప్పేది. వాళ్ళు పేరు పెట్టి పిలిచి పలకరించేవారు. మా దేశంలో అందరికన్నా చిన్న పౌరురాలు నువ్వే అనేవారు. దాని గొంతులో గర్వం తలుపు ఇవతలికి కూడా తెలిసేది.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు సందులోంచి చూశాను. పాప వంటగదిలో ఒక్కతే నిలబడి ఉంది. గిన్నెలో పాస్తా తూకం వేసుకుంది. పెదాలు కదుపుతూ లెక్క కట్టుకుంది. పెన్ను తిప్పి, చొక్కా ఎత్తి, పొట్టలో పొడుచుకుంది. కళ్ళు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. నేను కాకినాడ వెళ్ళేటప్పటికి సూది చూస్తే బల్ల కింద దూరే పిల్ల. నేర్చుకుందని సంతోషించాల్సింది పోయి తలుపు మూసేశాను. నేను లేకుండా బతకడం అది నేర్చేసుకుంది.

రెండో వారంలో ఒక సాయంత్రం మా ఆయన కమిటీ నివేదిక చదివారు. నేను మంచం దిగి తలుపు దగ్గర నేల మీద కూర్చుని విన్నాను. కొంచెం గర్వంగానే ఉంది. గాలి సంగతి ఆయనకి కొట్టిన పిండి. నీళ్ళు చాలావరకూ తిరిగి రాబట్టుకోవచ్చన్నారు. తిండి కొంత పండించుకోవచ్చు, కొంత కష్టం. విడిభాగాలు ఇంకా కష్టం, ఒక మర పాడైతే దాన్ని బాగుచేసే మరని కూడా పైనే తయారుచేసుకోవాలి. అంతా నెమ్మదిగా, తడుముకోకుండా చెప్పుకుపోయారు. తర్వాత మందుల సంగతికి వచ్చారు.

"స్వతంత్ర దేశం అంటే కిందనుంచి సరఫరా ఆగిపోయినా బతకగలగాలి" అన్నారు. "కొన్ని మందులు పైన తయారుచెయ్యలేం. ఇన్సులిన్ అందులో ఒకటి. దానికి ఫ్యాక్టరీ కావాలి, ఆ ఫ్యాక్టరీకి ఇంకో పది ఫ్యాక్టరీలు కావాలి. నిల్వ ఉంచితే కొంతకాలానికి చెడిపోతుంది. కాబట్టి మొదటి దశలో, రోజూ అలాంటి మందు మీద ఆధారపడే వ్యక్తులకి పౌరసత్వం ఇవ్వకూడదని కమిటీ సిఫారసు చేస్తోంది."

ఆ గొంతు మా ఆయనదే. అందులో ఏ తేడా లేదు. విడిభాగాల గురించి ఎలా చదివారో ఇదీ అలాగే చదివారు. నేను విన్నది తప్పేమో అనుకున్నాను. ఇంగ్లీషులో ఏదో పొరపాటుగా అర్థం చేసుకున్నానేమో అనుకున్నాను.

అప్పుడు లాయరమ్మ గారు, నిజాయితీగా రాసినందుకు మీకు కృతజ్ఞతలు, ఇది మీకు తేలిక కాదని మాకు తెలుసు అన్నారు. ఇంకెవరో, లెక్క స్పష్టంగా ఉందన్నారు. ఇంకొకరు ఒక పదం మార్చమన్నారు. "వ్యక్తులు" అనే బదులు "దరఖాస్తుదారులు" అంటే బాగుంటుందట. మార్చారు. ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నారు.

"అందరూ" అన్నారు లాయరమ్మ గారు. "ధన్యవాదాలు."

అందరూ అంటే ఆయన కూడా. రోజూ సాయంత్రం నా పిల్లని పేరు పెట్టి పిలిచినవాళ్ళు, అందరికన్నా చిన్న పౌరురాలివన్నవాళ్ళు, ఒక పదం దిద్ది దాన్ని బయట పెట్టేశారు. ఆ చేతుల్లో ఒకటి దాని తండ్రిది.

అప్పుడే తలుపు అవతల, నా భుజానికి ఎదురుగా, ఫోన్ కూసింది. సెన్సర్ కూత. పాప నా తలుపుకి వీపు ఆనించి కూర్చుని ఉంది. మొత్తం వినేసింది.

తట్టడం గిట్టడం ఏమీ లేదు, తలుపు తీసేశాను. అది ఉలిక్కిపడి లేచింది. నోట్లో గ్లూకోజ్ బిళ్ళ వేసుకుంటోంది.

"మమ్మా, డు డార్ఫ్‌స్ట్ నిహ్ట్ రౌస్" అంది. నువ్వు బయటికి రాకూడదు.

"విన్నావా నువ్వు?"

"యా."

"నాన్న అలా..."

"నాకు తెలుసు మమ్మా. పప్పా ముందే చెప్పారు. మేమిద్దరం కలిసే లెక్క చేశాం. నాకు ఏడాదికి ఎన్ని పెన్నులు కావాలో నేనే చెప్పాను." బిళ్ళ చప్పరిస్తూ జాలిగా నా మొహంలోకి చూసింది. "పైన ఇన్సులిన్ చెయ్యడం కుదరదు. గేట్ ఐన్‌ఫాఖ్ నిహ్ట్." అసలు కుదరదు, అంతే.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. తనకి చోటు లేదని తేల్చే లెక్కని తొమ్మిదేళ్ళ పిల్ల తన చేత్తో తండ్రి పక్కన కూర్చుని చేసింది. దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. మళ్ళీ అడుగు వెనక్కి వేసి, లోపలికి వెళ్ళమని చెయ్యి చూపించింది. వెళ్ళి తలుపు వేసుకున్నాను. నిజంగానే వేసుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు వింతగా ఉంటుంది.

మీటింగు అయ్యాక ఆయన స్టూలు మీద పళ్ళెం పెట్టి తట్టారు.

"ఏవండీ, మీరు మనిషేనా?"

స్టూలు తలుపు దగ్గరికి జరిపిన చప్పుడైంది.

"ఏ తండ్రయినా రాసే మాటేనా అది?"

"మరి అబద్ధం రాయమంటావా?" గొంతు తగ్గించి అన్నారు. "నెలరోజులు వెతికానే. అన్ని దారులూ చూశాను. దాని కోసమే చూశాను. ఏ దారీ లేదు. అదే రాశాను. అది చదివితే వాళ్ళే అంటారనుకున్నాను, అలాగైతే మనకి ఈ స్వతంత్రం వద్దు, కిందనుంచే తెచ్చుకుందాం అని. ఒక్కళ్ళయినా అంటారనుకున్నాను."

"ఎవరూ అనలేదు."

"అనలేదు."

"మీరైనా అనొచ్చుగా."

ఆయన పళ్ళెం ఒకసారి సర్దినట్టు చప్పుడైంది. అడుగులు హాల్లోకి వెళ్ళిపోయాయి. ఆ పూట నేను తినలేదు. ఆయన తిన్నారో లేదో తెలియదు.

మర్నాడు లాయరమ్మ గారు ఫోన్ చేశారు. నాతో కూడా మాట్లాడాలన్నారట. స్పీకరు పెట్టి ఫోన్ తలుపు కింద పెట్టారు. ఆవిడ గొంతు చాలా ఆప్యాయంగా ఉంది. ప్రయాణం ఎలా జరిగిందని అడిగారు, చెల్లి బిడ్డ ఎలా ఉన్నాడని అడిగారు. తర్వాత అసలు విషయానికి వచ్చారు.

"మీరు మనసు కష్టపెట్టుకోకండి. నేను గుండెకి మాత్రలు వేసుకుంటాను. ఆ నియమం ప్రకారం నాకూ చోటు లేదు. స్థాపించేవాళ్ళు అక్కడ ఉండాలనేం లేదు కదా."

"మరి ఎవరి కోసం స్థాపిస్తున్నారండీ?" అని అడిగాను.

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "రాబోయేవాళ్ళ కోసం" అన్నారు. "అయినా ఇప్పుడిదంతా కాగితం మీదేగా."

నన్ను ఓదార్చాలనే ఆ మాట అన్నారు. నేను మాత్రం నిర్ఘాంతపోయాను. కాగితం మీద ఏమైనా రాసుకోవచ్చన్నప్పుడు, ఇన్సులిన్ కూడా రాసుకోవచ్చు కదా. దేశం మొత్తం ఊహించుకోగలిగినవాళ్ళకి ఒక పిల్లని ఊహలో కూడా ఉంచుకోవడం కుదరలేదు. ఇది ఆవిడకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు రాలేదు. థాంక్యూ అండీ అని పెట్టేశాను.

క్వారంటైన్ అయిన రోజు పాప తనే వచ్చి తలుపు తీసింది. నా నడుం పట్టుకుని ఎంతసేపు వదల్లేదో చెప్పలేను. సెన్సర్ నా పక్కటెముకకి గట్టిగా గుచ్చుకుంది. దాని జుట్టులో కొత్త షాంపూ వాసన. నేను కొన్నది కాదు.

ఆ సాయంత్రం ముగ్గురం వేజర్ నది ఒడ్డుకి వెళ్ళాం. పాప సైకిల్ మీద ముందు పోతోంది. గట్టు మీద గడ్డిలో జనం దూరదూరంగా గుంపులుగా కూర్చుని ఉన్నారు. మేమిద్దరం వెనక నడిచాం. నేను ఏమీ అడగకూడదనుకున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"ఆ రోజు చెయ్యెందుకెత్తానో తెలుసా?"

"తెలీదు."

"ఎత్తాక చూసుకున్నాను, తెరమీద నా చెయ్యి కూడా ఉంది. అప్పటిదాకా నాకే తెలీదు." కొంచెం దూరం నడిచారు. "నేనొక్కణ్ణే ఎత్తకపోతే, వీడు కూతురి కోసం లెక్క మార్చాలని చూస్తన్నాడు అనుకుంటారేమోనని."

నేను ఆగిపోయాను. ఆయన మొహంలోకి చూశాను. మాస్కు లేని ఆ మొహాన్ని ఐదు నెలల తర్వాత దగ్గరగా చూడటం అదే. గడ్డం నెరిసింది.

"అనుకుంటే ఏమవుద్దండీ?" అన్నాను.

ఆయన అక్కడే గట్టు మెట్ల మీద కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. ముందు పోయిన పాప వెనక్కి తిరిగి వచ్చి, సైకిల్ దిగి, ఏమైందని నన్ను కళ్ళతోనే అడిగింది. పప్పాకి కాళ్ళు నొప్పి అని చెప్పాను. అది నమ్మలేదు. పక్కన కూర్చుని ఆయన మోకాలు మీద చెయ్యి వేసింది.

ఆయన వెంటనే మానెయ్యలేదు. ఆ నియమాన్ని మార్చమని, కిందనుంచి మందులు తెచ్చుకునేలా ఒప్పుకోవాలని మళ్ళీ రాసి పెట్టారు. అలా అయితే అది స్వతంత్ర దేశం కాదు, ఖరీదైన వసతిగృహం అవుతుందని ఒకరు అన్నారట. ఆ మాటలో తప్పులేదని ఆయనే ఒప్పుకున్నారు. క్రిస్మస్‌కి ముందు ఆ బృందంలోంచి బయటికి వచ్చేశారు. లాయరమ్మ గారు మర్యాదగా వీడ్కోలు చెప్పారు. ఆఫీసులు తెరుచుకున్నాక వాళ్ళ మీటింగులు కూడా పలచబడిపోయాయని విన్నాను.

పాప ఇప్పుడు పొడుగులో నన్ను దాటింది. ఆ సంగతి ఎప్పుడైనా ఎత్తితే, "అది లెక్క మమ్మా, నువ్వే అనవసరంగా ఏడుస్తావు" అంటుంది. తండ్రి మీద దానికి ఏ కోపమూ లేదు. నాకూ లేదనే అనుకుంటాను. కానీ కొన్నిసార్లు ఆయన బట్టలు మడతపెడుతూనో, పాపకి ఆపిల్ కోసిస్తూనో ఉన్నప్పుడు "అందరూ" అన్న ఆ మాట చెవిలో పడుతుంది. చేతిలో పని ఆగిపోతుంది.

మొన్నీమధ్య మా తెలుగు ప్రార్థన కూటంలో భోజనాల దగ్గర, కొత్తగా చదువుకోడానికి వచ్చిన గుంటూరు కుర్రాడు ఒకడు ఆయన ఉద్యోగం సంగతి విని సరదాగా అడిగాడు.

"అంకుల్, నిజంగా పైన ఒక దేశం పెట్టుకుని మనుషులు బతకొచ్చంటారా?"

మా ఆయన పులిహోర కలుపుకుంటూ, "బతకొచ్చు బాబూ, కష్టమే గానీ బతకొచ్చు" అన్నారు.

పక్కన కూర్చున్న పాప తల ఎత్తకుండా, జర్మన్‌లో, "అది బతికేది ఎవరన్నదాన్ని బట్టి" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తెలివైన మాట అని నవ్వారు. ఆయన చెయ్యి విస్తట్లో ఆగింది. నేను లేచి మంచినీళ్ళ జగ్గు కోసం వంటగదిలోకి వెళ్ళాను. జగ్గు బల్ల మీదే ఉందని తెలుసు.